గుర్రాల బండిలో పడక గది: ఏది ముందు, ఏది తర్వాత

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గరి ఒక గ్రామం. మాకు నాలుగు గుర్రాలున్నాయి. రెండింటిని పెళ్లి బారాత్‌లకు పంపుతాం. మిగిలిన రెండు మార్వారీ గుర్రాల మీద మా అమ్మాయి స్వారీ నేర్చుకొని పోటీలకు వెళ్తోంది. ఏటా నాందేడ్ జిల్లాలోని మాలెగావ్ జాతరకు కూడా పోతాం. ఇంతవరకు కిరాయి డీసీఎంలో (మధ్యరకం లారీలో) తీసుకుపోతున్నాం. గుర్రాలను వదిలి లాడ్జికి పోలేక నేను, నా భార్య, అమ్మాయి, గుర్రాలను చూసుకునే సైసు అందరం క్యాబిన్‌లోనో బండి కిందనో పడుకుంటున్నాం. ఇప్పుడు సొంతంగా బండి కట్టించుకుందామని బాడీ షెడ్డుకు వెళ్తే, వాళ్లు అమెరికా ట్రైలర్ల ఫొటోలు చూపించి ఏసీ, సోఫా, వంటగది, స్నానాల గది అన్నీ పెట్టిస్తామంటున్నారు. 14 అడుగుల బాడీలో నాలుగు గుర్రాలు, ముందుభాగంలో ఒక గది అనుకుంటున్నాం. ఏవి పెట్టించుకోవాలి, ఏవి వద్దు?

సమాధానం: 14 అడుగుల బాడీలో నాలుగు గుర్రాలూ ఒక పడక గదీ పట్టవు. ఏసీ గురించి, సోఫా గురించి మాట్లాడుకునే ముందే ఈ సంగతి తేలిపోవాలి, ఎందుకంటే మీరు అడిగిన ప్రతి సౌకర్యానికీ జవాబు ఈ కొలతను బట్టే వస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 125-ఇ ప్రకారం, 2016 జనవరి 1 నుంచి పశువులను తరలించే వాహనంలో ఒక్కో జంతువుకు విడిగా, శాశ్వతంగా బిగించిన అర ఉండాలి. గుర్రానికైతే ఆ అర 2.25 చదరపు మీటర్లకు తగ్గకూడదు. ఆ లెక్కన నాలుగు గుర్రాలకు 9 చదరపు మీటర్లు కావాలి. బాడీ లోపలి వెడల్పు 2.1 మీటర్లు, అంటే సుమారు ఏడడుగులు వస్తుందనుకుంటే, పొడవు 4.29 మీటర్లు ఉండాలి. 14 అడుగులంటే 4.27 మీటర్లు. గదికి జానెడు జాగా మిగలకపోవడం అటుంచి, గుర్రాలకే అది చాలదు. పైగా ఇది చట్టం అడిగే కనీస కొలత మాత్రమే; గుర్రం తల దించుకోవడానికి, మెడ చాచుకోవడానికి ఛాతీ ముందు మరికొంత ఖాళీ వదలాలి.

కాబట్టి మీ ముందు రెండు దారులున్నాయి: బాడీని ఇరవై అడుగుల పైకి తీసుకుపోవడం, లేదా 14 అడుగుల్లోనే రెండు గుర్రాలకు, ఒక గదికి సరిపెట్టుకోవడం. నేను రెండోదాన్నే గట్టిగా సమర్థిస్తాను. బారాత్ గుర్రాలు సాయంత్రం పోయి రాత్రికి ఇల్లు చేరుతాయి; వాటి వెంట పడక గది తిరగవలసిన పని లేదు, వాటికి కిరాయి బండి చాలు. రాత్రిళ్లు బయట గడిపేవి పోటీల గుర్రాలు రెండే. రెండింటినీ పక్కపక్కన, మధ్యలో పార్టిషన్ పెట్టి నిలబెడితే తల దగ్గరి ఖాళీతో కలిపి తొమ్మిది అడుగులు సరిపోతుంది, ముందువైపు మీ గదికి అయిదడుగులు మిగులుతుంది. అయిదడుగులు తక్కువనిపించవచ్చు గాని, వెడల్పు ఏడడుగులు కాబట్టి అడ్డంగా ఒకదానిపై ఒకటిగా రెండు పడకలు నిండుగా పడతాయి. చాసిస్‌ను, అంటే బాడీని మోసే ఇంజనూ చక్రాలూ ఉన్న చట్రాన్ని, రెండు వరుసల సీట్లున్న క్రూ క్యాబ్‌తో తీసుకుంటే ముందు సీటు, వెనుక సీటు రాత్రి చెరొకరికి పడకవుతాయి, పగలు నలుగురూ బెల్టు పెట్టుకొని కూర్చోగలుగుతారు. బండి నడుస్తున్నంతసేపూ వెనుక గదిలో ఎవరూ ఉండకూడదు. ఎండలో కాసేపు నడుం వాలుస్తామన్నా ఒప్పుకోకండి. ఆ గది బండి ఆగిన తర్వాత వాడుకోవడానికే.

షెడ్డు వారు చూపిన ఫొటోల గురించి ఒక మాట. అమెరికాలో ఎక్కువగా వాడే ఆ ట్రైలర్లను గూస్‌నెక్ ట్రైలర్లంటారు. వాటి ముందుభాగం మెడలా ముందుకు సాగి పికప్ తొట్టి మధ్యలో బిగించిన కొక్కేనికి తగులుకుంటుంది, ఆ మెడ మీది చోటే మంచమవుతుంది. ట్రైలర్ బరువులో అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా పికప్ వెనుక ఇరుసు మీదనే పడుతుంది. మూడు గుర్రాలు, వంటగది, స్నానాల గది ఉన్న ట్రైలర్ నిండితే అయిదారు టన్నులు తూగుతుంది. దాన్ని లాగడానికి అక్కడ పెద్ద డీజిల్ పికప్‌లున్నాయి, మన దగ్గర తిరిగే పికప్‌లకు అది మోయలేని భారం. ట్రైలర్‌కు ఒక మంచి గుణం ఉన్న మాట నిజమే: నేల తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి గుర్రం ఎక్కడం సులువు. అయినా మీ అవసరానికి డీసీఎం తరగతి చాసిస్ మీద కట్టించిన బాడీయే నమ్మదగినది. బేరం కుదుర్చుకునే ముందు ఒకసారి హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సు వైపు వెళ్లి, పందెపు గుర్రాలను ఊళ్ల మధ్య తిప్పే వ్యాన్లు ఎలా కట్టారో దగ్గర నుంచి చూసి రండి. సైసులతో ఒక గంట మాట్లాడితే ఫొటోల్లో దొరకని సంగతులు తెలుస్తాయి.

ఇక డబ్బు ముందుగా దేనికి పెట్టాలంటే, నేలకు. గుర్రం పదునైన మలుపులోనో, గట్టి బ్రేకులోనో ఒక కాలి మీద మొగ్గినప్పుడు నాలుగు వందల కిలోల శరీరంలో సగం బరువు ఒక్క గిట్ట కింది చోటు మీద పడుతుంది. ఆ చోటు పుచ్చిపోయి ఉంటే కాలు దిగబడి రోడ్డుకు తగులుతుంది, ఆ తర్వాత ఆ గుర్రానికి చేయగలిగింది ఏమీ ఉండదు. గుర్రం మూత్రం చెక్కను పుచ్చిస్తుంది, ఇనుమును తుప్పు పట్టిస్తుంది, అల్యూమినియాన్ని కూడా తినేస్తుంది. పైన రబ్బరు మ్యాటు పరచి ఉంటుంది కాబట్టి కింద జరిగేది ఎవరికీ కనిపించదు. అందుకే మ్యాట్లను అతికించవద్దని, మోసుకుపోగలిగే ముక్కలుగా పరచమని చెప్పండి. నెలకొకసారి వాటిని లేపి, కడిగి, ఎండబెట్టి, చెక్క పలకలైతే స్క్రూడ్రైవర్ మొనతో అక్కడక్కడ పొడిచి చూడండి. మొన మెత్తగా దిగిన పలకను ఆ రోజే మార్పించాలి. ఇనుప చెకర్ ప్లేటయితే కింద పడుకొని చానళ్ల అతుకుల దగ్గర తుప్పు పొరలు లేచాయేమో చూడాలి. నేల వాలు వెనుకవైపుకు ఉండాలి. మూత్రం ముందుకు పారి మీ గది కిందకు చేరితే, ఎంత ఖరీదైన సోఫా వేయించినా ఆ గదిలో నిద్ర పట్టదు.

తర్వాతది గాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండలు మీకు నేను చెప్పనక్కరలేదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నిలబెట్టిన ఇనుప పెట్టెలో రెండు గుర్రాలుంటే, వాటి ఒంటి వేడి, చెమట, మూత్రంలోని అమ్మోనియా ఘాటు అన్నీ కలిసి లోపల ఊపిరాడని పరిస్థితి ఏర్పడుతుంది. గుర్రం తల ఎత్తులో రెండు పక్కలా తెరచుకునే కిటికీలు, వాటికి లోపలివైపు గట్టి గ్రిల్లు, పైకప్పులో ముందుకూ వెనక్కూ తిప్పుకోగల రెండు గాలి మూతలు తప్పనిసరిగా పెట్టించండి. నడుస్తున్న బండిలోంచి గుర్రం తల బయట పెట్టే వీలు ఉండకూడదు. కంటికి దెబ్బ తగిలేది అలాగే. పైకప్పును ఒంటి రేకుతో వదలకుండా మధ్యలో వేడిని ఆపే పఫ్ ప్యానెల్ వేయించి, పైన తెల్ల రంగు కొట్టించండి. మీ గదికి ఏసీ పెట్టించడానికి అనుకున్న డబ్బులో చిన్న భాగంతోనే ఇదంతా అయిపోతుంది, గుర్రాలకూ మీకూ ఒకేసారి చల్లదనం వస్తుంది. లోపలి ఎత్తు ఏడున్నర అడుగులు ఉంచండి. మార్వారీ గుర్రం తల ఎత్తి నిలబడే జాతి, కప్పు తగిలితే భయపడి మళ్లీ ఎక్కనని మొండికేస్తుంది.

గాలితో పాటే తల దించుకోవడం గురించి కూడా చెప్పాలి. ఇది పడక గదికి సంబంధం లేని విషయంలా కనిపించినా, దూర ప్రయాణాల్లో గుర్రాలకు ఎక్కువ హాని జరిగేది ఇక్కడే. గుర్రం మేసేటప్పుడు తల నేలకు దించుతుంది కాబట్టి ఊపిరి గొట్టంలో చేరిన దుమ్ము, చీమిడి బయటకు జారిపోతాయి. గంటల తరబడి తల ఎత్తి కట్టేస్తే అవి లోపలే నిలిచి, ప్రయాణం ముగిసిన రెండు మూడు రోజులకు జ్వరంగా, దగ్గుగా, చివరికి ఊపిరితిత్తుల వాపుగా తేలుతాయి. కాబట్టి ఛాతీ ముందు తల దించుకునేంత ఖాళీ, దానికి సరిపడా పొడవున్న కట్టుతాడు, ముఖం దగ్గర దుమ్ము లేవకుండా తడిపి పెట్టిన గడ్డి ఉండాలి. మాలెగావ్ మీకు 300 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ప్రతి మూడు నాలుగు గంటలకు ఒకసారి నీడలో ఆపి, నీళ్లు పెట్టి, తాడు వదులు చేసి తల పూర్తిగా దించుకోనివ్వండి. చేరిన తర్వాత మూడు రోజులు పొద్దున్నే జ్వరం చూడండి. గుర్రానికి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మామూలు. అది దాటితే డాక్టరును పిలవడానికి దగ్గు మొదలయ్యేదాకా ఆగవద్దు.

డీసీఎం నేల రోడ్డు నుంచి దాదాపు మీటరు ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తుకు గుర్రం నమ్మకంగా ఎక్కాలంటే ర్యాంపు ఎనిమిది అడుగులకు తగ్గకూడదు, అప్పటికీ వాలు 24 డిగ్రీల దాకా వస్తుంది. అంతకంటే పొట్టి ర్యాంపు బరువు తక్కువని షెడ్డు వారు నచ్చజెప్పబోతారు, ఒప్పుకోవద్దు. ఎనిమిది అడుగుల ర్యాంపునే మధ్యలో మడతపడేలా కట్టించి, ఎత్తేటప్పుడు ఇద్దరికి తేలికయ్యేలా స్ప్రింగులు పెట్టించండి. పైన రబ్బరు పరచి అడుగుకొకటి చొప్పున అడ్డపట్టీలు బిగించాలి, రెండు పక్కలా నడుమెత్తు పలకలు ఉండాలి. వీలైన చోటల్లా బండిని వెనక్కి నడిపి గట్టుకో మట్టి దిబ్బకో ఆనించి ఎక్కిస్తే వాలు ఇంకా తగ్గుతుంది.

అరల విషయంలో పార్టిషన్ నేలదాకా దిగనవసరం లేదు. కింద ఒకటిన్నర అడుగు ఖాళీ వదిలితే గుర్రం కాళ్లు ఎడంగా పెట్టి నిలదొక్కుకుంటుంది. పక్క గుర్రం కాలు తొక్కకుండా ఆ ఖాళీకి మందపాటి రబ్బరు పరదా చాలు. గోడలకు నాలుగడుగుల ఎత్తు దాకా తన్నులు తట్టుకునే రబ్బరు పలక వేయించండి. వెనుక అడ్డకమ్మీ, ఛాతీ అడ్డకమ్మీ రెండూ బయట నుంచే పిన్ను లాగితే విడిపోయేలా ఉండాలి, ఎందుకంటే పడిపోయిన గుర్రం పక్కకు మనిషి దూరకూడదు. అమ్మాయికీ సైసుకూ ఒక క్రమం కంఠస్థం చేయించండి: ఎక్కించేటప్పుడు ముందు వెనుక కమ్మీ వేయాలి, ఆ తర్వాతే తల కట్టాలి, దించేటప్పుడు ముందు తల విప్పాలి, ఆ తర్వాతే కమ్మీ తీయాలి. తల కట్టి ఉండగా వెనుక తెరిస్తే గుర్రం వెనక్కి జరుగుతుంది, తాడు బిగుసుకుంటుంది, అది బెదిరి పైకి లేచి తల పగలగొట్టుకుంటుంది లేదా ర్యాంపు మీద వెల్లకిలా పడుతుంది. ఒక్క గుర్రాన్నే తీసుకుపోతున్నప్పుడు దాన్ని కుడి అరలో నిలబెట్టండి. మన రోడ్లు ఎడమ అంచు వైపు వాలి ఉంటాయి, మనం నడిపేదీ ఎడమనే, కాబట్టి బరువు కుడివైపు ఉంటే బండి తూకం సరిపోతుంది. రెండూ ఉన్నప్పుడు బరువైనది కుడివైపు నిలవాలి.

ఇప్పుడు మీ గది. ఆ గది గుర్రాలకు దగ్గరగా, చప్పుడు వినపడే దూరంలో రాత్రి గడపడానికి అన్న సంగతి మనసులో పెట్టుకుంటే, ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోవడం కష్టం కాదు. ఎవరైనా గుర్రాల బండి కట్టించుకుంటున్నారంటే నేను మొదట అడిగేది కిటికీ గురించే. గదికీ గుర్రాల భాగానికీ మధ్య గోడ నిండుగా, అతుకులన్నీ మూసి, అమ్మోనియా వాసన రాకుండా ఉండాలి. ఆ గోడలో కింది పడక తల దగ్గర అడుగు వెడల్పు గల జారుడు కిటికీ ఒకటి పెట్టించండి. బండి బయట గుర్రాలను కట్టే పక్కన కూడా అలాంటిదే మరొకటి కావాలి. కడుపు శూల వచ్చిన గుర్రం అర్ధరాత్రి ముందు కాలితో నేలను గీరడం మొదలుపెడుతుంది, మాటిమాటికీ తిరిగి డొక్క వైపు చూసుకుంటుంది, పడుకొని లేచి మళ్లీ పడుకుంటుంది. ఏసీ మోత మధ్య, నాలుగు గోడల లోపల పడుకున్నవారికి ఆ గీరుడు వినిపించదు. ఆ కిటికీ పక్క పడక ఆ రాత్రి ఎవరు కాపలా అయితే వారిది కావాలి, అది మీరైనా సైసు అయినా. సైసుకు పడక లెక్కలో వేయకుండా గీసిన నక్షాలే ఎక్కువగా కనిపిస్తాయి. పొద్దున నాలుగింటికి లేచి మాలీసు చేసే మనిషిని రాళ్ల మీద పడుకోబెట్టడం నాకు ఎప్పుడూ న్యాయమనిపించలేదు.

రాత్రి గుర్రాలను బండిలోనే ఉంచకండి. గుర్రం నిలబడి కునుకు తీస్తుంది గాని, పూర్తి నిద్రకు కాసేపైనా పడుకోవాలి. బండి ఒక పక్కన బాడీ చట్రానికి వెల్డింగ్ చేసిన రెండు గట్టి రింగులు, గుర్రం మూపు ఎత్తులో, ఒకదానికొకటి కనీసం పది అడుగుల దూరంలో పెట్టించండి. ఆ పక్కనే మడతపెట్టే నీడ పందిరి వేయిస్తే పగలు గుర్రాలకు, సాయంత్రం మీకు పనికొస్తుంది. గదిలోకి తలుపు మాత్రం రెండో పక్కన ఉండాలి. అర్ధరాత్రి టార్చి పట్టుకొని దిగిన మనిషి నేరుగా గుర్రం వెనుక కాళ్ల దగ్గరకు రాకూడదు.

మీరు అడిగిన స్నానాల గది వద్దు. టాయిలెట్ మాత్రం కావాలి, దాన్ని పడకల తర్వాత మొదటి అవసరంగా లెక్కించండి. జాతర మైదానంలో, పోటీల స్థలంలో మగవాళ్లు ఎలాగో గడుపుకుంటారు. మీ భార్య, అమ్మాయి పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉండిపోతారు. మండుటెండలో నీళ్లు తాగకుండా గుర్రం ఎక్కిన పిల్ల కళ్లు తిరిగి పడిపోతే ఆ పోటీ ఎందుకు? మూడడుగుల చదరంలో ఒక మూల, అందులో కింద డబ్బా విడిగా లాగి పారబోసుకునే చిన్న పోర్టబుల్ టాయిలెట్ చాలు. బండి కింద మురుగు ట్యాంకు, గొట్టాలు అక్కర్లేదు. స్నానానికి బకెట్టు, పరదా, నీళ్లు ఉంటే సరిపోతుంది.

నీళ్ల ట్యాంకు 200 లీటర్లది పెట్టించండి. ఎండాకాలం ఒక్కో గుర్రం రోజుకు 40 లీటర్లు తాగుతుందనుకుంటే, రెండు గుర్రాలకు రెండు రోజులకు 160 లీటర్లు, మిగిలింది మీ వాడకానికి. దాన్ని పైకప్పు మీద పెడతామంటే ఒప్పుకోవద్దు. 200 కిలోల నీళ్లు పైన ఊగుతుంటే మలుపుల్లో బండి వాలిపోతుంది, గుర్రాలు నిలదొక్కుకోలేవు. చాసిస్ పక్కన, ఇరుసుకు దగ్గరగా, లోపల అడ్డపలకలున్న ట్యాంకు కావాలి. ఇంటి నీళ్లు మోసుకుపోవడం చాదస్తమని ఎవరన్నా పట్టించుకోకండి. గుర్రానికి నీటి రుచి మారితే తాగడం మానేస్తుంది, తాగని గుర్రానికి పేడ గట్టిపడి శూల వస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ బోరు నీళ్ల సంగతి తెలిసిన మనకు, కొత్త ఊరి నీళ్లను వెంటనే నమ్మకూడదని వేరే చెప్పాలా? జాతరలో ఉమ్మడి తొట్టిలో తాగించకపోవడానికి మరొక కారణం గ్లాండర్స్ జబ్బు. అది గుర్రం నుంచి గుర్రానికీ మనిషికీ సోకుతుంది, దానికి టీకా లేదు, తొట్టెలూ బకెట్ల ద్వారా కూడా వ్యాపిస్తుంది. మీ బకెట్లు మీవే కావాలి, తిరిగి వచ్చాక బండి లోపల అంతా మందు నీళ్లతో కడగగలిగేలా ఉండాలి. గుర్రాల భాగంలో అలంకారానికి ప్లైవుడ్ గానీ బట్ట గానీ వాడవద్దనడం అందుకే.

కరెంటుకు 150 ఏహెచ్ లిథియం బ్యాటరీ ఒకటి, పైన 300 వాట్ల సోలార్ పలకలు చాలు. 30 వాట్ల ఫ్యాన్లు రెండు, దీపాలు, ఫోన్ల చార్జింగు రాత్రంతా నడిచినా బ్యాటరీలో సగానికి పైగా మిగులుతుంది. ఇంజన్ బ్యాటరీకి దీన్ని నేరుగా కలపవద్దు; కలిపితే పొద్దున బండి స్టార్టు కాదు. ఏసీకి జనరేటర్ కావాలి, జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, అది వాసన లేకుండా నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అయిదడుగుల గదికి ఆ ముప్పు తెచ్చిపెట్టుకోకండి. వంట కూడా గదిలో వద్దు. బండి పక్కన బయటకు లాగే బల్ల, దాని కింద అడుగున రంధ్రాలున్న పెట్టెలో అయిదు కిలోల సిలిండరు పెట్టించండి. గ్యాసు గాలికంటే బరువైనది కాబట్టి లీకైతే కిందికి దిగిపోవాలి. గడ్డి నిల్వ దానికి పూర్తిగా రెండో చివర ఉండాలి. జీను, కళ్లెం, మందుల పెట్టెకు ఒక అలమర చాలు. సోఫా గురించి నాకు చెప్పడానికి ఏమీ లేదు, కింది పడకే పగలు సోఫా.

గడ్డిని పైకప్పు మీద కట్టే అలవాటు మీ డీసీఎంలకు ఉండవచ్చు, ఈ బండికి వద్దు. మీటరు ఎత్తు నేల, ఏడున్నర అడుగుల లోపలి ఎత్తు, ఆపైన కప్పు కలిస్తే పదకొండు అడుగులు దాటుతుంది. ఊళ్లలో వేలాడే కరెంటు తీగలు, స్వాగత తోరణాలు, రైల్వే అండర్‌బ్రిడ్జిలు దృష్టిలో పెట్టుకుంటే ఇంకో రెండడుగుల గడ్డి అక్కడ ప్రమాదమే. బండి మొత్తం ఎత్తును డ్రైవరు కళ్ల ముందు అద్దం మీద రాసి అతికించండి.

షెడ్డు వారికి అడ్వాన్సు ఇచ్చే ముందు కొలతలతో గీయించిన నక్షాను మహబూబ్‌నగర్ రవాణా కార్యాలయానికి తీసుకుపోయి, పశువుల తరలింపు వాహనంగా ఇది నమోదవుతుందా, గదికి అనుమతి ఎలా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, కట్టిన తర్వాత కాగితాల కోసం తిరగడం కంటే ముందే తిరగడం నయం. 125-ఇ ప్రకారం పశువుల కోసం ఉద్దేశించిన వాహనంలో వేరే సరుకు వేయకూడదు కాబట్టి, ఖాళీ రోజుల్లో వడ్ల కిరాయిలు కొట్టి కిస్తీలు కడదామన్న లెక్క కూడా వేసుకోకండి. రాష్ట్రం దాటే ప్రతిసారీ గుర్రం ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందన్న పశువైద్యుడి సర్టిఫికెట్ వెంట ఉండాలి. గ్లాండర్స్ రక్తపరీక్షకు నమూనా పంపి ఫలితం రావడానికి రోజులు పడతాయి, జాతర తేదీకి ఒక నెల ముందే మీ పశువైద్యశాలలో మాట్లాడండి.

బండి తయారయ్యాక చివరి వాయిదా ఇచ్చేలోపు దాన్ని ధర్మకాంటా మీదకు ఎక్కించండి: ఒకసారి ఖాళీగా, ఒకసారి నీళ్లు, గడ్డి, గుర్రాలు, మీరంతా ఎక్కిన తర్వాత. ముందు ఇరుసు బరువు, వెనుక ఇరుసు బరువు విడివిడిగా తూపించి చాసిస్ కంపెనీ ఇచ్చిన పరిమితులతో పోల్చండి. మించితే గదిలోంచే ఏదో ఒకటి తీయించాలి. ఆ తర్వాత కనీసం రెండు వారాలు బండిని ఇంటి దగ్గరే నిలబెట్టి, గుర్రాలకు సాయంత్రం ఉలవల దాణా ఆ అరల్లోనే పెట్టించండి. అవి తమంతట తాము ర్యాంపు ఎక్కి నిలబడుతున్నాయనిపించాక జడ్చర్ల నుంచి షాద్‌నగర్ దాకా ఒకసారి తెల్లవారుజామున తీసుకుపోయి తీసుకురండి, మాలెగావ్ ప్రయాణం ఆ తర్వాత పెట్టుకోండి.